చదవడమే గాని వ్రాయకూడని డిస్కు

తాటాకు గ్రంథాన్ని చదివినంత మాత్రాన అందులోని అక్షరం మారదు. గంటం పెట్టి గీకితేనే మారుతుంది. కంప్యూటరులోని హార్డ్ డిస్కు అటువంటిది కాదు. చూడబోయినా అందులో కొంత వ్రాత పడుతుంది. కంప్యూటరు పనివారు యింటికొకరున్న యీ బెంగుళూరులో మన కుటుంబాలవారు ఆ సంగతి తెలిసికొని వుండడం మంచిదని తలచాము.

ఒక డిస్కును విండోస్ కంప్యూటరుకు తగిలించామనుకోండి. మనం ఏ మీటా నొక్కకపోయినా విండోస్ తన లెక్కలు తాను వ్రాసుకుంటుంది, తనకు కావలసిన ఫోల్డర్లు పెట్టుకుంటుంది. ఫైలు తెరిస్తే తేదీలు మారవచ్చును. ఆ డిస్కుతోనే కంప్యూటరును నడిపితే మరీ అన్యాయం. తుడిచివేసిన ఉత్తరం సాధారణంగా వెంటనే పోదు. దాని చోటు ఖాళీ అని గుర్తు మాత్రం పడుతుంది. కొత్త వ్రాత సరిగా ఆ చోటున పడిందా, ఇక ఆ ఉత్తరం దక్కదు. ఆఫీసులో అపనింద పడిన ఉద్యోగికి ఆ ఉత్తరమే, ఆ తేదీయే దిక్కు కావచ్చు.

అందుచేత పరీక్షించేవారు డిస్కుకూ తమ కంప్యూటరుకూ నడుమ 'రైట్ బ్లాకర్' అనే చిన్న పెట్టెను పెడతారు. చదవమనే ఆజ్ఞను అది డిస్కుకు పోనిస్తుంది. వ్రాయమనే ఆజ్ఞను గుమ్మంలోనే ఆపుతుంది. సాఫ్ట్‌వేరుతో ఆపరాదా అంటే, ఆపవచ్చును గాని, చదవడానికి మాత్రమేనని చెప్పి తగిలించినా లైనక్సు ఒక్కొక్కప్పుడు సగంలో నిలిచిన జర్నల్‌ను పూర్తిచేయబోతుంది. మాకు పెట్టె మీదనే గురి.

పిమ్మట డిస్కుకు ఆమూలాగ్రం నకలు తీసి, అసలును సీలుచేసి, నకలు మీదనే పరీక్ష సాగిస్తారు. రెండూ ఒకటేనని తేల్చడానికి 'హాష్' అనే లెక్క వున్నది. షా-256 పద్ధతిలో అది 64 స్థానాల ముద్ర. ఎక్కడో ఒక్క అక్షరం మారినా ముద్ర గుర్తుపట్టరానంతగా మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద దాఖలుచేసే ధృవపత్రంలో యీ హాష్‌ను చూపవలసి వున్నది.

సైబర్ నేరాలకని ప్రత్యేక పోలీసు ఠాణా 2001లోనే వెలసిన నగరం మనది. 2021 మార్చిలో కర్ణాటక హైకోర్టు వీరేంద్ర ఖన్నా కేసులో సోదాలకు వెళ్లే పోలీసులకు కొన్ని పద్ధతులు చెప్పింది. ఆపివున్న కంప్యూటరును ఆన్ చేయరాదు. నడుస్తున్నదాన్ని ఆపరాదు, తెర మీద కనిపించేదాన్ని ఫొటో తీయాలి. వీలైనంతవరకు నిపుణుని తోడు తీసుకోవాలి. ఇళ్లలో జరిగేది దీనికి తలక్రిందులు. మోసం జరిగిందని తెలియగానే పక్కింటి తెలివైన కుర్రవాణ్ణి పిలిచి, "చూడు నాయనా, ఏమైనా దొరుకుతుందేమో!" అంటాము. వాడు చూస్తాడు, పాపం, మంచిమనసుతోనే!

ఇప్పటి లాప్‌టాప్‌లలో వుండే ఎస్‌ఎస్‌డి డిస్కు మరొక చిక్కు తెచ్చింది. తుడిచివేసిన భాగాలను, కరెంటు అందితే చాలు, అది తనంతట తానే లోలోపల శుభ్రం చేసుకోగలదు. బయటినుంచి ఆజ్ఞ రానే లేదు. ఇక గుమ్మం దగ్గరి కావలి ఏం చేస్తుంది? పోనీ, కరెంటు తగలకుండా బీరువాలో దాచుదామా అంటే, ఏళ్ల తరబడి అలా పడివున్నా అందులోని వ్రాత చెడవచ్చును. అటువంటిదాన్ని ఆన్ చేయకుండా, ఆలస్యం లేకుండా, నిపుణుల చేతికి అందించడమొక్కటే దారి.