ఉబ్బసానికి పీల్చే మందు – ఎవరికి గుణమిస్తుంది?

గృహదర్శనానికి వెళ్ళినప్పుడు మేము తరచుగా చూసేదొకటుంది. ఉబ్బసంతో బాధపడేవారి గోడగూటిలో దుమ్ముపట్టిన ఇన్‌హేలర్. అడిగితే, "నాలుగు రోజులు పీల్చానండీ అయ్యగారూ, ఏమీ గుణం కనిపించలేదు" అంటారు. అదే మందుతో పొరుగింటి పిల్లవాడు హాయిగా బడికి పోతున్నాడు. మందు ఎవరికి పనిచేస్తుందో ముందుగా తెలుసుకునే వీలుందా?

చాలావరకు ఉంది. 1956లో బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశీలనలో, దీర్ఘకాలపు ఉబ్బసానికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ వల్ల పెద్దగా లాభం లేదని తేల్చారు. డెర్బీ పట్టణంలో ఛాతీ వైద్యుడైన హ్యారీ మోరో బ్రౌన్ మాత్రం రోగుల గళ్ళను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. కొందరి గళ్ళలో ఇసినోఫిల్స్ అనే కణాలు మెండుగా ఉన్నాయి, మరికొందరిలో లేవు. స్టెరాయిడ్ మాత్రలు గుణమిచ్చింది ఆ కణాలున్నవారికే. 1958లో ఆ సంగతి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. రోగులందరినీ ఒకే గాటన కట్టడం ఎంత పొరపాటో చూడండి! పీల్చే స్టెరాయిడ్ బెక్లోమెథాసోన్‌ను తొలిరోజుల్లో, 1972లో, రోగులకిచ్చి ఫలితాలు ప్రకటించినవారిలోనూ ఆయన ఉన్నారు.

మన ఊళ్ళలో "ఈస్నోఫీలియా" అనేది ఈ కణాల పేరు మీదనే. ఇవి శ్వాసనాళాల్లో చేరి వాపు తెస్తాయి. స్టెరాయిడ్ అణచేది ఆ వాపునే. రక్తపరీక్షలో వీటిని లెక్కించవచ్చు. అయితే కడుపులో నులిపురుగులున్నా, ఫైలేరియా ఉన్నా ఈ లెక్క పెరగవచ్చు గనుక, కాగితం చూసి మనమే తీర్పు చెప్పకూడదు.

పెద్ద ఆసుపత్రుల్లో ఊపిరి పరీక్ష కూడా ఉంది. యంత్రంలోకి ఊదితే ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్ ఎంతో చెబుతుంది. పెద్దవారిలో వందకోట్ల భాగాలకు 50 మించితే మందు పనిచేసే అవకాశం ఎక్కువ, 25 లోపయితే తక్కువ. చుట్ట, బీడీ కాల్చేవారిలో ఈ లెక్క తగ్గి కనిపిస్తుంది; వారికి మందు కూడా అంతగా పనిచేయదు.

ఈ పరీక్షలన్నిటికంటే ముందు చూడవలసింది వేరొకటుంది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ నిమిషాల్లో తేలికచేస్తుంది. స్టెరాయిడ్ అలా కాదు. ఆయాసం లేని రోజున కూడా పీల్చాలి, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. స్టెరాయిడ్ అనగానే భయపడేవారున్నారు; మాత్రలో మందు మిల్లీగ్రాములు, ఒక పీల్పులో ఉండేది మైక్రోగ్రాములు. పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మివేయాలి.

మొన్న ఒక పెద్దాయనను, "ఎలా పీలుస్తారో మాకొకసారి చూపండి" అని అడిగాము. ఆయన డబ్బా ఊపలేదు, ఊపిరి బయటకు వదలలేదు. నోరు తెరిచి మీట నొక్కాడు. మందంతా నాలుక మీదనే పడింది. తరువాతి వారం డాక్టరు గారి దగ్గరకు ఇన్‌హేలర్ చేతబట్టుకునే వెళ్ళాడు.