మిద్దె మీద కరెంటు: ఎవరికి ఎంత లాభం?

మీ ఇంటికి వచ్చే కరెంటు బిల్లును ఎప్పుడైనా నిదానంగా చదివారా? చివర ఎంత కట్టాలో చూసి పక్కన పెట్టేస్తాం గాని, మధ్యలో ఉండే లెక్క చాలా తమాషాగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన పట్టిక ప్రకారం ఇంట్లో వాడే మొదటి 30 యూనిట్లకు యూనిట్ ధర 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు నాలుగున్నర, 225 వరకు 6 రూపాయలు, ఆపైన 400 వరకు 8 రూపాయల 75 పైసలు. వస్తువు ఎక్కువ కొంటే దుకాణంలో ధర తగ్గిస్తారు. కరెంటు విషయంలో ఎక్కువ వాడేకొద్దీ ధర పెరుగుతుంది. నెలకు 250 యూనిట్లు వాడే ఇంట్లో చివరి 25 యూనిట్ల ఖరీదు 218 రూపాయల 75 పైసలు. అదే ఇంట్లో మొదటి 75 యూనిట్లకు అయ్యేది 192 రూపాయలే!

ఈ పట్టికను గుర్తుంచుకోండి. ఇంటి మీద సౌర ఫలకాలు పెట్టుకుంటే లాభమా, నష్టమా అనే ప్రశ్నకు జవాబు దాదాపు ఇందులోనే ఉంది.

2025 జనవరి 6న కుప్పం మండలంలోని నడిమూరు గ్రామంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇళ్ళకు సౌర విద్యుత్తు అందించే పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన 'పీఎం సూర్యఘర్' పథకం కింద జరుగుతున్న పని ఇది. దేశంలో కోటి ఇళ్ళ మీద ఫలకాలు పెట్టించాలని ఆ పథకం లక్ష్యం.

ఫలకం పనిచేసే తీరును క్లుప్తంగా చెప్పుకుందాం. సూర్యరశ్మి సిలికాన్ పొర మీద పడినప్పుడు అందులోని ఎలక్ట్రాన్లు కదిలి ప్రవాహంగా మారతాయి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు 1954లో చూపించిన సిలికాన్ ఘటం, తన మీద పడిన వెలుగులో నూటికి 6 వంతులను మాత్రమే కరెంటుగా మార్చగలిగింది. నేటి ఫలకాలు ఐదో వంతును మారుస్తాయి. మధ్యాహ్నపు ఎండలో చదరపు మీటరుకు ఇంచుమించు 1,000 వాట్ల శక్తి పడుతుంది కాబట్టి, ఒక కిలోవాటుకు 5 చదరపు మీటర్ల ఫలకాలు కావాలి. నీడ పడకుండా, కడగడానికి సందు ఉండేలా అమర్చాలంటే మిద్దె మీద 10 చదరపు మీటర్ల జాగా ఉంచుకోవడం మంచిది.

ఫలకానికి వెలుగు ఇష్టం గాని వేడి పడదు. 25 డిగ్రీలు దాటాక ఒక్కొక్క డిగ్రీకి దాని శక్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. కోస్తాలో మే నెల ఎండకు ఎర్రగా కాగే మిద్దెలతో పోలిస్తే, పీఠభూమి మీద చల్లగా ఉండే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఫలకాలకు అనువైన చోట్లు. చల్లదనం కోసం వచ్చేవాళ్ళకే కాదు, సిలికాన్‌కూ ఈ ఊళ్ళు నచ్చుతాయన్నమాట!

ఇక డబ్బు సంగతి. 2 కిలోవాట్ల ఏర్పాటుకు ఫలకాలు, ఇన్వర్టరు, ఇనుప చట్రం, తీగలు, కూలి అన్నీ కలిపి 1,10,000 రూపాయలు అనుకుందాం. కేంద్రం మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 రాయితీ ఇస్తుంది. ఎంత పెద్ద ఇల్లయినా 78,000 మించదు. కాబట్టి 2 కిలోవాట్లు పెట్టుకున్నవారు చేతి నుంచి పెట్టవలసింది 50,000. రోజుకు సగటున 8 యూనిట్లు, అంటే నెలకు 240 యూనిట్లు వస్తాయి.

మబ్బు పట్టిన నెలల్లో తగ్గుతుంది, వేసవిలో పెరుగుతుంది. పగలు మనం వాడగా మిగిలింది తీగల ద్వారా బయటికి పోతుంది. రాత్రి దీపాలకు అక్కడినుంచే తిరిగి వస్తుంది. పంట కాలంలో గాదెలో పోసి, కావలసినప్పుడు తీసుకున్నట్టే. ఇచ్చిందీ పుచ్చుకున్నదీ లెక్క వేయడానికి ఇంటికి రెండు వైపులా కొలిచే మీటరు బిగిస్తారు.

ఇప్పుడు రెండు ఇళ్ళను ఊహించుకోండి. స్థిర చార్జీల వంటి చిల్లర లెక్కలు వదిలేద్దాం.

మొదటి ఇల్లు కుప్పం పట్టణంలో ఉంది. ఫ్రిజ్, మోటారు, గీజరు ఉన్నాయి. నెలకు 250 యూనిట్లు, బిల్లు 1,236 రూపాయలు. ఫలకాలు వచ్చాక లెక్కలో మిగిలేది 10 యూనిట్లు, 19 రూపాయలు. నెలకు ఆదా 1,217. పెట్టిన 50,000 మూడున్నరేళ్ళ లోపే తిరిగి వస్తుంది. ఫలకాల ఆయుష్షు సుమారు 25 ఏళ్ళు. మధ్యలో ఒకటి రెండుసార్లు ఇన్వర్టరు మార్చవలసి వచ్చినా లాభమే లాభం.

రెండో ఇల్లు పల్లెలో. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, టీవీ. నెలకు 60 యూనిట్లు, బిల్లు 147 రూపాయలు. ఫలకాలు పెట్టి ఆ బిల్లు మొత్తం తుడిచేసినా ఆదా 147 రూపాయలే. 50,000 తిరిగి రావడానికి 28 ఏళ్ళు దాటుతుంది. అప్పటికి ఫలకాలకే ఆయుష్షు తీరిపోతుంది! బ్యాంకులో 7 శాతానికి అప్పు చేస్తే మొదట్లో నెలకు వడ్డీయే 290 రూపాయల పైన. తగ్గిన బిల్లుకన్నా వడ్డీ రెట్టింపు.

రెండు ఇళ్ళ మీద ఎండ ఒకటే, ఫలకాలు ఒకటే, కేంద్రం ఇచ్చే 60,000 కూడా ఒకటే. ఉన్నవాడికి మూడున్నరేళ్ళు, లేనివాడికి ఒక తరం. ఇందులో మోసమేమీ లేదు. మొదటి ఇంటి ఫలకాలు 6 రూపాయల, 8 రూపాయల కరెంటును తప్పిస్తున్నాయి. రెండో ఇంటివి 2 రూపాయల, 3 రూపాయల కరెంటును తప్పిస్తున్నాయి. అంతే తేడా.

అయితే రెండో ఇంట్లో మిగిలిపోయిన 180 యూనిట్లను మరిచిపోకూడదు. విద్యుత్ సంస్థ వాటిని కొంటేనే ఆ ఇంటి లెక్క తిరగబడుతుంది. యూనిట్‌కు 2 రూపాయలు ఇచ్చారనుకుందాం. 360 రూపాయల రాబడి, 147 ఆదా కలిపి నెలకు 507. అసలు 8 ఏళ్ళ పైచిలుకులో వస్తుంది. వెనుకబడిన తరగతుల ఇళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం అదనంగా ఇవ్వాలని నిర్ణయించిన 20,000 కూడా కలిస్తే 5 ఏళ్ళు చాలు. మిగులు యూనిట్‌కు ఎంత ఇస్తారన్నది చిన్న ఇంటికి రాయితీ అంత ముఖ్యమైన ప్రశ్న. ఫలకాల అంగడివాళ్ళు మాత్రం ఈ సంగతి అడిగితే తప్ప చెప్పరు.

షెడ్యూల్డు కులాల, తెగల ఇళ్ళకు 2 కిలోవాట్లు ఉచితంగా బిగించాలని రాష్ట్రం నిర్ణయించింది. ఆ ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ముందునుంచే ఉంది. కాబట్టి అక్కడ ఫలకాల వల్ల తగ్గే ఖర్చు ప్రధానంగా ప్రభుత్వానిది.

ఇంకో మాట. ఇంటి మీద ఫలకాలుంటే కరెంటు కోత బాధ ఉండదని చాలామంది అనుకుంటారు. బ్యాటరీ లేని మామూలు ఏర్పాటు బయటి కరెంటు పోగానే మిట్టమధ్యాహ్నమైనా ఆగిపోతుంది. కావాలనే అలా తయారుచేశారు. లైను ఆపి స్తంభమెక్కి పనిచేస్తున్న మనిషికి మీ మిద్దె మీదినుంచి కరెంటు వెళ్ళి తగలకూడదు కదా. బ్యాటరీ పెట్టుకోవచ్చు గాని, ఖర్చు పెరుగుతుంది, కొన్నేళ్ళకు దాన్ని మార్చాలి కూడా.

మీ ఇంటి గత 12 నెలల బిల్లులు వెతికి, యూనిట్లను వరుసగా రాసుకోండి. ఒక్క మే నెల బిల్లు చూసి లెక్క వేస్తే ఫలకాలు బంగారంలా కనిపిస్తాయి. డిసెంబరు బిల్లు చూస్తే దండగనిపిస్తాయి. పన్నెండూ కూడి, 12తో భాగించి, వచ్చిన సంఖ్యను పైన చెప్పిన రెండు ఇళ్ళతో పోల్చి చూడండి. మీ ఇల్లు ఏ ఇంటికి దగ్గరగా ఉంది?