పాదమునకు తగిన పాట

సికిందరాబాదునకు ఈశాన్యమున మౌలాలి గుట్ట దూరమునుండి చూచువారికి ఒకే రాతిముద్దవలె కనిపించును. శిఖరమున దర్గా, దానికి సాగిపోవు మెట్ల వరుస. దిగువను రైలుపట్టాలు, ఇంజను షెడ్డు, ఉద్యోగుల నివాసములు. రాతికిని ఇనుమునకును నడుమ పెరిగిన ఈ ఊరిలో తెల్లవారుజామున పరుగెత్తువారి పాదముల చప్పుడు వినవచ్చును. వారిలో పలువురి చెవులలో ఇయర్‌ఫోను ఉండును. పాదము నేలమీద, మనస్సు పాటమీద. పరుగునకు ఏ పాట తగును అను ప్రశ్న వినుటకు అల్పముగా తోచును గాని, దానిని వెంబడించినచో ఛందస్సు, సంగీతము, దేహధర్మము మూడును ఒకచోట కలియును.

శ్రమకు పాటను జోడించుట మనకు క్రొత్త కాదు. పల్లకి మోయు బోయీలు అడుగు తప్పకుండుటకై పదము పాడుకొనెడివారు. పడవవారు తెడ్డు వేటునకు గొంతు కలిపెడివారు. రోకటిపోటునకు దంపుళ్ళపాట, నాట్లకు నాట్లపాట ఉండెను. అచ్చట పాటను ఎన్నుకొనవలసిన అవసరము కలుగలేదు; పనియే పాటను ఎన్నుకొన్నది. నేడు పరుగెత్తువాని భుజముపై పల్లకి లేదు, ప్రక్కన తోడి బోయీ లేడు. చేతిలోని ఫోనులో మాత్రము వేలకొలది పాటలు కలవు. కాబట్టి ఎన్నిక భారము అతనిమీదనే పడినది.

ఈ ఎన్నికకు మన ఛందశ్శాస్త్రమే మొదటి పాఠము చెప్పగలదు. పద్యములోని పంక్తిని మనవారు పాదము అన్నారు. విరామమునకు యతి అన్నారు. లయకు నడక, గతి అన్నారు. రగడల పేర్లను గమనింపుడు. మూడు మాత్రల నడకగల తిస్రగతి రగడలు హయప్రచారము, తురగవల్గనము. రెండింటను గుఱ్ఱము కలదు. నాలుగు మాత్రల చతురస్రగతికి మధురగతి, హరిగతి. అయిదు మాత్రల ఖండగతికి ద్విరదగతి, అనగా ఏనుగు నడక. ఏడు మాత్రల మిశ్రగతికి వృషభగతి, అనగా ఎద్దు నడక. జంతువుల నడకను చెవితో పట్టి పేరు పెట్టిన జాతికి, మనుష్యుని పరుగును కొలుచుట కష్టము కారాదు.

కొలత మిక్కిలి సులభము. పరుగెత్తుచు గడియారము చూచి, ముప్పది సెకండ్లలో కుడికాలు ఎన్నిమారులు నేలను తాకినదో లెక్కింపవలెను. దానిని నాలుగుచే గుణించినచో నిమిషమునకు అడుగుల సంఖ్య వచ్చును. కుడికాలు 40 మారులు తాకినచో అడుగులు 160. సాధారణముగా పరుగులో ఈ సంఖ్య 160కి, 180కి నడుమ ఉండును. ఎన్.సి.సి. విద్యార్థులకు ఇది పరిచితమే: వారి కవాతులో వేగపు నడక నిమిషమునకు 120 అడుగులు, దౌడు 180 అడుగులు. ఇక పాటలోని దెబ్బలను అట్లే లెక్కింపవలెను. దెబ్బల సంఖ్య అడుగుల సంఖ్యతో సమానమైనను, అందు సరిగా సగమైనను, ఆ పాట పాదమునకు అతుకును. 160 అడుగులవానికి 80 దెబ్బల పాట చాలును. ఒక్కొక్క దెబ్బకు రెండు అడుగులు పడును. కావుననే నిదానముగా తోచు పాట కూడ ఒక్కొక్కప్పుడు పరుగునకు చక్కగా కుదురును.

తరువాతిది గతి. మనుష్యుడు ద్విపాది, అతని పరుగు కుడి, ఎడమ అను రెండు మాటలే. అడుగునకొక మాత్ర పడుచున్నచో, చతురస్రగతిలో ఊనిక ఎల్లప్పుడు ఒకే కాలిమీద పడును. తిస్రగతిలో అట్లు కాదు: మొదటి ఊనిక కుడికాలిమీద పడినచో, మూడడుగుల తరువాతి ఊనిక ఎడమకాలిమీద పడును. ఈ భేదమును బడి ఆటస్థలములో చేతితో తాళము వేసి పిల్లలకు చూపవచ్చును. నల్లబల్లపై ఎంత వ్రాసినను పట్టుపడని గణము ఒక్క ప్రదక్షిణముతో కాళ్ళకు తెలియును.

పాటవలన పరుగు నిజముగా మెరుగగునా అని శాస్త్రజ్ఞులును పరీక్షించిరి. అమెరికాలో ఆరు దినముల సైకిలు పందెమును గమనించి లియొనార్డ్ అయర్స్ 1911లో ఒక పరిశీలన ప్రకటించెను. బ్యాండు మ్రోగుచున్నప్పుడు పోటీదారుల వేగము హెచ్చుచున్నదని అతడు చూపెను. 1998లో ఇథియోపియా వీరుడు హైలే గెబ్రెసెలాసీ బర్మింగ్‌హామ్‌లో మందిరాంతర 2000 మీటర్ల పందెమున ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు, మైదానములో మ్రోగిన ఒక పాట లయకు అడుగు కలిపెను. బ్రిటనులో కోస్టాస్ కరగెయోర్గిస్ మున్నగువారి పరిశోధనల సారమిది: మితమైన శ్రమలో సంగీతము అలసట తెలియకుండ చేయును, శ్రమ అత్యధికమైనప్పుడు ఈ సాయము తగ్గిపోవును. అప్పుడు గుండె, ఊపిరి చేయు మొర ముందు ఏ పాటయు వినబడదు. పాట తోడు వచ్చునే గాని, మనకు బదులుగా పరుగెత్తదు.

తోడు ప్రమాదమునకు దారితీయనూ కూడదు. మౌలాలివంటి ఊరిలో ఈ మాటను ప్రత్యేకించి చెప్పవలెను. వెనుకటి ఆవిరి ఇంజను దూరమునుండియే తన రాకను చాటుకొనెడిది. నేటి విద్యుత్తు ఇంజను అంత చప్పుడు చేయదు. చెవిలో పాట నిండినవానికి కూత కూడ ఆలస్యముగా వినబడును. పట్టాలమీద అనధికారముగా నడచుట 1989 నాటి రైల్వే చట్టము 147వ విభాగము ప్రకారము నేరము. అంతకుమించి అది ప్రాణముతో ఆట. పట్టాల దగ్గర, బండ్లు తిరుగు వీధిలో చెవులు రెండును మనవిగానే ఉండవలెను. పాట వినదలచినవాడు మైదానములో వినుట మేలు. ధ్వనికిని హద్దు కలదు: పెద్దలకు 80 డెసిబెళ్ళ ధ్వని వారమునకు 40 గంటలు మించరాదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణము నిర్ణయించినది. ధ్వని హెచ్చినకొలది ఆ గంటలు త్వరగా తరిగిపోవును.

మౌలాలి గుట్ట పాదమున మహలఖా బాయి చందా సమాధి కలదు. ఆమె 1768లో జన్మించి 1824లో మరణించినది. తల్లికై 1792లో కట్టించిన మందిరమునందే ఆమెయు విశ్రమించినది. ఉర్దూ గజళ్ళ దివానును కూర్చిన తొలి మహిళలలో ఆమె ఒకతె. గానమునందు, నృత్యమునందు దిట్ట. అంతియేకాదు, గుఱ్ఱపు స్వారియు నేర్చి, పురుషవేషమున నిజాము వెంట యుద్ధరంగమునకు వెడలినది. గానమొకరిది, దేహబలమొకరిది అను విభజన ఆమె ఎరుగదు.

గుట్టక్రింద నేడు పరుగెత్తు విద్యార్థికి ఈ సంగతి ఒక్కటి తెలిసిన చాలును. అతడు పాటను పేరు చూచి గాక, తన అడుగు చూచి ఎన్నుకొనవలెను. కొన్నాళ్ళకు ఆ లయ కాళ్ళలో ఇంకిపోవును. అప్పుడొక ఉదయము ఇయర్‌ఫోనును ఇంటనే విడిచి వెళ్ళినను పాట ఆగదు. రైలు కూతయు, మెట్లెక్కువారి అడుగులును, తన ఊపిరియు అతనికి స్పష్టముగా వినవచ్చును. వాటి నడుమ పాదము తన తాళమును తానే వేసికొనుచుండును.