వ్యంగ్యచిత్రాల వివాదం: మన ఆవేదన, మన తహఖీఖ్

దైవప్రవక్త ముహమ్మద్ (స)ను ప్రాణం కన్నా మిన్నగా ప్రేమించడం విశ్వాసంలో భాగమని మన పిల్లలకు ఉగ్గుపాలతోనే నేర్పుతాం. అందుకే ఆయన పేరిట ఎవరైనా వికృతమైన బొమ్మ గీసి అచ్చువేస్తే గుండె కలుక్కుమంటుంది. దాన్ని 'అసహనం' అని తేలిగ్గా కొట్టిపారేసేవారికి ఆ బాధ ఏమిటో తెలియదని చెప్పక తప్పదు. అయితే ఆ బాధతో మనం ఏం చేస్తున్నామన్నది వేరే ప్రశ్న. ఒక రోజు పదో తరగతి కుర్రవాడు నన్ను అడిగాడు: "మౌల్వీసాబ్, ఫ్రాన్సులో ఆ సార్ ఉన్న బడిలో మీరే ఉంటే ఏం చేసేవారు?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ముందుగా ఈ వివాదం ఎక్కడ రాజుకుందో చూద్దాం. 2005 సెప్టెంబరు 30న డెన్మార్కు దినపత్రిక యూలాండ్స్ పోస్టెన్ 12 చిత్రాలు ప్రచురించింది. ప్రవక్త (స) గురించి పిల్లల పుస్తకం రాసిన ఒక రచయితకు బొమ్మలు వేసేవారు దొరకలేదట. భయం వల్ల కళాకారులు తమకు తామే నోరు కట్టేసుకుంటున్నారా అని పరీక్షించడానికే ఈ పని చేశామని పత్రిక చెప్పుకుంది. ముస్లిం జనాభా అధికంగా గల దేశాల ప్రతినిధులు 11 మంది ఆ దేశ ప్రధానిని కలవాలని లేఖ రాస్తే, ఆయన కలవడానికే నిరాకరించాడు. కూర్చొని మాట్లాడితే పోయే వ్యవహారం వీధికెక్కడానికి ఆ నిరాకరణ కూడా ఒక కారణం.

ఇంకో సంగతి గమనార్హం. అదే పత్రికకు 2003లో ఒక చిత్రకారుడు హజ్రత్ ఈసా (అలై) పునరుత్థానంపై హాస్యచిత్రాలు పంపాడు. పాఠకులు నొచ్చుకుంటారని, గగ్గోలు పుడుతుందని సంపాదకుడు వాటిని తిప్పి పంపాడు. ఫ్రాన్సులో షార్లీ ఎబ్డో పత్రిక 2008లో, అధ్యక్షుడి కుమారుడి గురించీ యూదు మతం గురించీ రాసిన ఒక వ్యాఖ్య పేరిట తమ పాత చిత్రకారుణ్ణి ఉద్యోగం నుంచి తొలగించింది. భావస్వేచ్ఛకు హద్దే లేదన్న మాట వారి ఇంట్లోనే నిలవలేదన్నమాట. హద్దులున్నాయి, కాని ఎవరి మనసు నొచ్చినప్పుడు అవి గుర్తుకొస్తాయన్నదే తేడా. డెన్మార్కు 2017లో తన దైవదూషణ చట్టాన్ని రద్దుచేసి, 2023 డిసెంబరులో మళ్ళీ ధర్మగ్రంథాలను బహిరంగంగా అవమానించడాన్ని నిషేధిస్తూ చట్టం చేసుకున్నది. వారు కూడా ఇంకా దారి వెతుక్కుంటూనే ఉన్నారు.

మన ఫిర్యాదు న్యాయమైనదే. ఇక మన వైపు చూద్దాం. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది.

2005 చివర్లో డెన్మార్కు నుంచి కొందరు ఇమాములు ఒక ఫైలు పట్టుకొని ఈజిప్టు, లెబనాన్ వెళ్ళారు. పత్రికలో వచ్చిన 12 చిత్రాలతోపాటు పత్రికలో రానివి కూడా అందులో చేరాయి. ఒకటి పంది ముసుగు వేసుకున్న మనిషి ఫోటో. అది ఫ్రాన్సులోని ఒక ఊళ్ళో పందిలా అరిచే పోటీలో తీసిన ఫోటో అనీ, ప్రవక్త (స)తో దానికి ఏ సంబంధమూ లేదనీ తర్వాత తేలింది. ఆ 12లో ఒక చిత్రం అసలు పత్రికనే ఎగతాళి చేసింది. నల్లబల్ల దగ్గర ఒక బడిపిల్లవాడు నిలబడి, ఆ సంపాదకులు కయ్యానికి కాలుదువ్వే ఛాందసులని పారసీలో రాస్తాడు. వీధుల్లో నినాదాలిచ్చినవారిలో ఎంతమంది ఆ పారసీ చదివి ఉంటారు?

2006 ఫిబ్రవరి 4న డమాస్కస్‌లో డెన్మార్కు రాయబార కార్యాలయం తగలబడింది. అఫ్ఘానిస్థాన్, లిబియాలలో తమ దేశపు పోలీసుల తూటాలకే ముస్లిములు నేలకొరిగారు. నైజీరియాలోని మైదుగురిలో చర్చీలు తగలబెట్టారు. ఆ పత్రికతో ఏ సంబంధమూ లేని క్రైస్తవులు ప్రాణాలు కోల్పోయారు. మన దేశంలోనే ఉత్తరప్రదేశ్ మంత్రి ఒకరు చిత్రకారుడి తలకు 51 కోట్ల రూపాయల వెల ప్రకటించాడు! 2015 జనవరి 7న పారిస్‌లో షార్లీ ఎబ్డోపై దాడిలో 12 మంది చనిపోయారు. వారిలో కాలిబాటపై పడి ఉండగా కాల్చివేయబడిన పోలీసు అహ్మద్ మెరాబే కూడా ఒకడు. పేరు చూస్తేనే తెలుస్తుంది, ఆయన ఎవరి బిడ్డో.

ఇక ఆ కుర్రవాడు అడిగిన 'సార్' సంగతి. శామ్యూల్ పాటీ, వయసు 47, చరిత్ర, భూగోళం చెప్పే ఉపాధ్యాయుడు. 2020 అక్టోబరులో భావస్వేచ్ఛ పాఠంలో భాగంగా ఆ చిత్రాలు చూపాడు. ఇబ్బందిగా ఉన్నవారు చూడనవసరం లేదన్నాడు. ఒక 13 ఏళ్ళ బాలిక ఇంటికి వెళ్ళి, ముస్లిం పిల్లలను సార్ బయటికి పొమ్మన్నాడని, తాను ఎదిరిస్తే శిక్షించాడని తండ్రికి చెప్పింది. తండ్రి వీడియోలు పెట్టాడు. అవి చేతులు మారాయి. ఎక్కడో దూరాన ఉన్న 18 ఏళ్ళ యువకుడు అవి చూసి వచ్చి, ఆ మాస్టారు ఎవరో చూపించడానికి బడిపిల్లలకు కొన్ని వందల యూరోలు ఇచ్చి, అక్టోబరు 16న బడి దగ్గరే ఆయన తల నరికాడు. ఆ అమ్మాయి ఆ పాఠం రోజు తరగతిలోనే లేదు. క్రమశిక్షణ కింద సస్పెండైన సంగతి ఇంట్లో చెప్పలేక కథ అల్లింది. 2023లో న్యాయస్థానం ఆమె తప్పుడు ఆరోపణ చేసిందని తేల్చింది.

ఎవరైనా వార్త తెస్తే ముందు తహఖీఖ్ చేసుకోవాలని, లేకుంటే తెలియక ఒక వర్గానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరె హుజురాత్‌లో అల్లాహ్ ఆదేశం ఉంది. మక్తబ్ పిల్లలకు కూడా తెలిసిన ఆయతు ఇది.

ప్రవక్త (స) తనపై దూషణలను ఎలా ఎదుర్కొన్నారు? ఇక్కడ మన వక్తలు చెత్త పోసే ముదుసలి కథ చెబుతారు. కథ బాగుంటుంది గాని ప్రామాణిక హదీసు గ్రంథాల్లో అది దొరకదు. దొరికేవే చాలు. ఖురైషులు 'ముహమ్మద్' అనడానికి బదులు 'ముజమ్మమ్', అంటే నిందితుడు, అని పేరు పెట్టి తిట్టేవారు. వారు ఎవరో ముజమ్మమ్‌ను తిడుతున్నారు, నేనైతే ముహమ్మద్‌ను కదా అని ప్రవక్త (స) అన్నట్లు సహీ బుఖారీలో ఉంది. బద్ర్‌లో సుహైల్ బిన్ అమ్ర్ అనే వక్త బందీగా చిక్కాడు. అతని నాలుక ఇస్లాంకు పదునైన శత్రువు. మళ్ళీ మాట్లాడకుండా ముందు పళ్ళు ఊడబెరుకుతానని హజ్రత్ ఉమర్ (రజి) అనుమతి అడిగితే ప్రవక్త (స) ఒప్పుకోలేదు. ఒకనాడు అతను మీరు మెచ్చుకునే స్థానంలో నిలబడవచ్చునన్నారు. ప్రవక్త (స) పరమపదించాక మక్కాలో జనం తడబడుతున్నప్పుడు లేచి వారిని నిలబెట్టింది ఆ సుహైలే.

కొందరు కాబ్ బిన్ అష్రఫ్ ఉదంతాన్ని ముందుకు తెస్తారు. అతను ఒట్టి కవి కాదు. బద్ర్ తర్వాత మక్కా వెళ్ళి యుద్ధానికి ఖురైషులను రెచ్చగొట్టినవాడు. పైగా ఆ నిర్ణయం ఒక రాజ్యాధినేతది, ఫోనులో వీడియో చూసిన కుర్రవాడిది కాదు. మన మదరసాల్లో చదివే హిదాయాలోనే, ముస్లిమేతర పౌరుడు దూషించినంత మాత్రాన అతనితో ఉన్న రక్షణ ఒప్పందం రద్దు కాదని హనఫీ అభిప్రాయం రాసి ఉంది. ఇతర ఇమాముల అభిప్రాయం వేరు, కాని ఎవరూ దండనాధికారాన్ని వీధిలోని మనిషికి ఇవ్వలేదు.

మన దేశంలో చట్టం ఉంది. లాహోరులో ప్రవక్త (స)ను కించపరిచే పుస్తకం ప్రచురించినవాడిని 1927లో హైకోర్టు విడుదల చేస్తే, ఆ ఏడే 295ఎ సెక్షన్ వచ్చింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 299. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసిన అవమానానికే అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. అయినా 2015 జనవరిలో ముంబయిలో షార్లీ ఎబ్డో ముఖచిత్రాన్ని పునర్ముద్రించిన ఉర్దూ పత్రిక సంపాదకురాలు షిరీన్ దల్వీ క్షమాపణ చెప్పినా వదల్లేదు. కేసులు, అరెస్టు, ఆ ఎడిషన్ మూత. ఆమె మనలోని మనిషే. ఆమెది దురుద్దేశమని ఎవరు తహఖీఖ్ చేశారు?

ఆ కుర్రవాడికి మరునాడు జవాబు చెప్పాను. నేనైతే ఆ బొమ్మలు చూపేవాణ్ణి కాను. పాఠం చెప్పడానికి వేరే దారులు చాలా ఉన్నాయి. కాని ఇంకొక మాస్టారు చూపితే, ఆయన గదికి వెళ్ళి, సలాం చెప్పి, ఇది మా మనసును నొప్పించిందని ఆయన ముందే చెబుతాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి ఆ అమ్మాయి తరగతిలో లేదని ముందే ఎవరికీ తెలియదా?" అని అడిగాడు. తరగతిలో హాజరు పట్టిక ఉంటుంది, బాబూ. వీడియోను ఒకరినుంచి ఒకరికి పంపినవారెవరూ దాన్ని అడగలేదు.