మంచుబొట్టులో రసాయనశాల

మార్గశిరం, పుష్యం వచ్చాయంటే మన పల్లెల్లో పొద్దెక్కేదాకా మంచు విడవదు. మంచు కురిస్తే గాలిలోని పొగా దుమ్మూ కడుక్కుపోతాయని మా పెద్దవాళ్ళ నమ్మకం. అందులో సగమే నిజమని రసాయనశాస్త్రం చెబుతోంది. మిగతా సగం ఏమిటో చూద్దాం.

పొగమంచు అంటే నేలమీదికి దిగిన మేఘమే. గాలిలోని నీటి ఆవిరి చల్లబడి బొట్టు కట్టాలంటే ఏదో ఒక ఆధారం కావాలి. దుమ్ము, పొగ, ఉప్పు రేణువులే ఆ ఆధారం. బొట్టు వ్యాసం సుమారు 10 నుండి 20 మైక్రాన్లు. తలవెంట్రుక మందం కూడా ఉండదు!

ఇంత చిన్న బొట్టులో ఏం జరుగుతుంది? చెట్లు ఐసోప్రీన్ అనే వాయువును వదులుతాయి. అది ఎండలో గాలితో చర్య జరిపినప్పుడు పుట్టేవాటిలో గ్లయాక్జాల్ ఒకటి. దీనికి నీళ్ళంటే మహా ఇష్టం. బొట్టు దొరికితే చాలు, కరిగిపోతుంది. లోపల హైడ్రాక్సిల్ రాడికల్ దాన్ని ముందు గ్లయాక్జిలిక్ ఆమ్లంగా, తరువాత ఆక్జాలిక్ ఆమ్లంగా మారుస్తుంది. మన చుక్కకూరలో ఉండే ఆమ్లమే ఇది. ఇదిగాక మంచునీటిలో ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాలూ, ఫార్మాల్డిహైడూ ఉంటాయి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. పొద్దెక్కాక నీళ్ళు ఆవిరైపోతాయి గాని ఆక్జాలిక్ ఆమ్లం అంతా పోదు. పొలాల్లో చల్లిన యూరియా నుంచీ, పశువుల పేడ నుంచీ లేచే అమోనియాతో కలిసి లవణమై, రేణువును అంటిపెట్టుకునే ఉంటుంది. వాయువుగా లోపలికి వెళ్ళినది ఘనపదార్థమై బయటికి వచ్చిందన్నమాట!

ఇక పొగ సంగతి. కట్టెలు, గడ్డి కాలినప్పుడు వాటిలోని లిగ్నిన్ విరిగి గ్వాయకాల్, సిరింగాల్ వంటి ఫీనాల్ జాతి పదార్థాలు గాలిలోకి వస్తాయి. ఇవి కూడా బొట్టులో కరిగి, ఆక్సీకరణం చెంది, అణువుకు అణువు జతకట్టి, బరువైన గోధుమరంగు పదార్థాలవుతాయి. ఇటలీలోని పో లోయలో కట్టెల పొగ ఇలా కొత్త సేంద్రియ పదార్థంగా మారడాన్ని శాస్త్రజ్ఞులు ప్రత్యక్షంగా గమనించి 2016లో ప్రకటించారు. మన దేశంలో కాన్పూరులో జరిపి 2011లో ప్రచురించిన పరిశోధన కూడా, మంచు పట్టిన రోజుల్లో ఇటువంటి పదార్థం ఎక్కువగా తయారవుతోందని చూపింది.

పెద్ద బొట్లు నేలకు దిగి కొంత మురికిని తీసుకుపోతాయి. ఆ మేరకు పెద్దల మాట నిజమే. మిగిలిన సన్నటి రేణువులు గాలిలోనే ఉండి ఊపిరితిత్తుల లోతుల దాకా పోతాయి.

మాది వ్యవసాయ కుటుంబం. కోతమిషను వచ్చాక చేలో మిగిలిన గడ్డినీ, మోళ్ళనూ తగలబెట్టడం మా ఊళ్ళోనూ అలవాటయింది. రెండో పంటకు అదను దాటిపోతుందని రైతు తొందర. గడ్డి ఏరించాలంటే కూలి ఖర్చు. ఆ ఇబ్బంది ఎరిగినవాణ్ణి గనక రైతును తప్పుపట్టలేను. కాని ఆ రోజుల్లో ఉబ్బసంతో మా నాయనమ్మ పడే ఆయాసమూ నాకు తెలుసు. “మంచులో తగలబెడితే పొగ అణిగిపోతుందిలే” అనుకోవడం మాత్రం మనం మానాలి. అణిగిపోదు, రూపం మార్చుకుని మన ముక్కుల దగ్గరే కాచుకుని ఉంటుంది.

గడ్డిని మట్టిలో కలియదున్నితే భూమికీ బలమే. సైన్సు చదివే మనం సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఈ నాలుగు ముక్కలూ రచ్చబండ దగ్గర చెప్పగలిగితే, మన చదువుకు అంతకన్నా సార్థకత ఏముంటుంది?