వాల్వ్ రేడియో అమ్మేశారా? కొరియర్‌కి ఇచ్చేముందు ఇది చూడండి

పోయిన వీడియో కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా తాతయ్య మర్ఫీ రేడియో బెంగళూరులో ఒకాయనకి అమ్మాను. డబ్బులు కూడా వచ్చేశాయి. ఇప్పుడు ఎలా పంపాలి?" డబ్బులు వచ్చేశాయి అనగానే నాకు టెన్షన్ మొదలైంది. అన్నేళ్లు అటక మీద భద్రంగా ఉన్న సెట్టు రెండు రోజుల ప్రయాణంలో ముక్కలైతే డబ్బు వెనక్కి ఇచ్చేయొచ్చు, తాతయ్య రేడియో మాత్రం మళ్లీ దొరకదు.

చాలామంది బయటి నుంచి తగిలే దెబ్బ గురించే ఆలోచిస్తారు. చుట్టూ బబుల్ ర్యాప్ చుట్టి, పైన ఫ్రాజైల్ స్టిక్కర్ వేసి పంపేస్తారు. అసలు ప్రమాదం రేడియో లోపలే ఉంది, అదే పవర్ ట్రాన్స్‌ఫార్మర్. ఇనుము, రాగి కలిసిన బరువైన ముద్ద అది. నాకు ఒకసారి ఇలాంటి సెట్టు ఒకటి వచ్చింది. అట్టపెట్టె మీద చిన్న గీత కూడా లేదు. తెరిచి చూస్తే ఛాసిస్ బోల్టులు ఊడి, ట్రాన్స్‌ఫార్మర్ వెళ్లి వాల్వుల మీద పడి ఉంది. లోపల మొత్తం గాజు పెంకులే.

కొంచెం ఇంటర్ ఫిజిక్స్ గుర్తు చేసుకుందాం, భయపడకండి. పెట్టె 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే టేబుల్ ఎత్తు నుంచి కింద పడిందనుకోండి. పడ్డాక 1 సెంటీమీటర్‌లోనే ఆగిపోతే లోపలి వస్తువు మీద పడే కుదుపు సుమారు 75 జీ. అంటే 2 కిలోల ట్రాన్స్‌ఫార్మర్ ఆ క్షణంలో 150 కిలోల బరువులా బోల్టులని లాగుతుంది. అదే మెల్లగా నొక్కుకుంటూ 5 సెంటీమీటర్లలో ఆగితే 15 జీ, అంటే 30 కిలోలే. ప్యాకింగ్ అంటే ఆగడానికి దూరం ఇవ్వడం, అంతే.

ఇక పనిలోకి వెళ్దాం. ముందుగా సెట్టు పాడుతుంటే ఒక వీడియో తీసుకోండి. తర్వాత ప్లగ్ పీకి కనీసం అరగంట వదిలేయండి. వాల్వులు చల్లారాలి, పైగా ఫిల్టర్ కెపాసిటర్లలో 250 వోల్టుల దాకా చార్జ్ మిగిలి ఉండొచ్చు. అరగంట ఆగినా సరే, ఛాసిస్ కింది వైపు వేళ్లు పెట్టొద్దు.

వెనక అట్ట తీసి ఫోటో తీయండి, ఏ సాకెట్‌లో ఏ వాల్వో నంబర్లు రాసుకోండి. మన ఇళ్లలోని సెట్లలో ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈఎల్84 లాంటివి ఎక్కువ కనిపిస్తాయి. వాల్వులన్నీ తీసేయాలనే నేను అంటాను. "బిగుతుగానే ఉన్నాయిగా, ఉండనీ" అనేవాళ్లూ ఉన్నారు, నేను ఒప్పుకోను. పక్కలకి వంచకుండా, కొద్దికొద్దిగా కదుపుతూ నిటారుగా పైకి లాగండి. వంచితే పిన్నుల దగ్గర గాజు చిట్లి, గాలి లోపలికి వెళ్లిపోతుంది. ఇక ఆ వాల్వు పని అయిపోయినట్టే. గాజు మీద ఉన్న నంబర్‌ని వేలితో రుద్దకండి, పాత అచ్చు ఇట్టే చెరిగిపోతుంది. లేబుల్ గాజుకి కాదు, చుట్టిన కాగితానికి అంటించండి. ఒక్కో వాల్వునీ టిష్యూలో, ఆపైన బబుల్ ర్యాప్‌లో చుట్టి, గట్టి చిన్న డబ్బాలో కదలకుండా సర్దండి. ఆకుపచ్చగా వెలిగే మ్యాజిక్ ఐ ఉంటే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడండి. ఇప్పుడు ఎక్కువగా పాత స్టాకే దొరుకుతోంది.

ట్యూనింగ్ కండెన్సర్ రేకులు పూర్తిగా లోపలికి వెళ్లేదాకా నాబ్ తిప్పి వదిలేయండి, బయటికి ఉంటే వంగుతాయి. తర్వాత నాబ్‌లు తీసి కవర్లో వేయండి. ఛాసిస్ బోల్టులు బిగించండి. ట్రాన్స్‌ఫార్మర్‌కీ క్యాబినెట్‌కీ మధ్య ఖాళీలో ఫోమ్ ముక్కలు దూర్చండి. డయల్ ముల్లుకీ, దాని దారానికీ మాత్రం ఏదీ తగలకూడదు.

చెక్క క్యాబినెట్ అయితే బబుల్ ర్యాప్ నేరుగా చుట్టకండి. మన ఎండల్లో లారీ లోపల వేడికి పాలిష్ మెత్తబడి బుడగల గుర్తులు పడిపోతాయి. ముందు పాత నూలు పంచె ఒకటి చుట్టండి, ఇంట్లో అడిగి తీసుకోండి మళ్లీ. స్పీకర్ గుడ్డ ముందు గట్టి అట్ట పెట్టండి.

ఇప్పుడు పెట్టెలో పెట్టె. రేడియో లోపలి పెట్టెలో కదలకుండా ఉండాలి. దానికీ బయటి పెట్టెకీ మధ్య ఆరు వైపులా 8 సెంటీమీటర్ల ఫోమ్ ఉండాలి. పరుపుల షాపులో మిగిలిన ముక్కలు అడగండి, చవగ్గా ఇస్తారు. మెత్తటి దూదిలాంటి ఫోమ్ వద్దు, బరువుకి పూర్తిగా అణిగిపోతుంది. నలిపిన న్యూస్‌పేపరూ అంతే. థర్మకోల్ గింజలు పోస్తే బరువైన సెట్టు మెల్లగా అడుక్కి దిగిపోతుంది. వాల్వుల డబ్బాని పై ఫోమ్‌లో గుంట కోసి కూర్చోబెట్టండి. అంతా మూశాక ఊపి చూడండి. చిన్న చప్పుడు వచ్చినా మళ్లీ తెరవాల్సిందే.

ఖర్చు విషయం బయ్యర్‌తో ముందే మాట్లాడండి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగించి, అది అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే చార్జ్ వేస్తాయి. 60, 45, 40 సెంటీమీటర్ల పెట్టె అసలు బరువు 12 కిలోలే అయినా బిల్లు 21.6 కిలోలకి పడుతుంది. ఇన్సూరెన్స్ తీసుకుంటే గాజు, పాత వస్తువులు కవర్ అవుతాయో లేదో షరతుల్లో చదివాకే డబ్బు కట్టండి. నేరుగా బస్సు ఉన్న ఊరికైతే నేను ఆర్టీసీ కార్గో వైపే మొగ్గుతాను, ఎన్ని చేతులు తక్కువ మారితే అంత మంచిది.

చివరగా, పెట్టె మూసేముందు పైనే ఒక కాగితం పెట్టండి, పెద్ద అక్షరాలతో: "ప్లగ్ పెట్టకండి. ముందు లోపలి ఫోమ్ తీయండి. వాల్వులు ఫోటోలో ఉన్నట్టు అమర్చండి." బెంగళూరు ఆయనకి తెలుగు రాకపోవచ్చు, తమ్ముడూ, ఇంగ్లిష్‌లో కూడా రాయి. ఆ ఫోటో వాట్సాప్‌లో పంపెయ్.