అల్మారాలో బూజు: ముందు నీళ్ల దారి వెతకాలి

వానాకాలం సగం గడిచేసరికి మన ఇళ్లలో చాలా అల్మారాలు తెరిస్తే ముక్క వాసన కొడుతుంది. బట్టల మడతల మీద తెల్లటి నూగు, వెనక గోడకు నల్ల చుక్కలు. విరూర్‌లో మా పడకగదిలోనూ అదే తీరు. పట్టుచీరలు, పిల్లల సర్టిఫికెట్లు, మా ఆయన పీఎఫ్ కాగితాలు అన్నీ అందులోనే. ఆ పక్కనే పడుకునే చిన్నోడికి రాత్రిళ్లు దగ్గు.

కాగితం మిల్లు ఇళ్లవాళ్లకు బూజు సంగతి తొందరగా అర్థమవుతుంది. మిల్లులో తడి కాగితాన్ని ఆవిరితో కాగే డ్రయ్యర్ల మీదుగా నడిపి, నూటికి అయిదారు పాళ్ల తేమే మిగిలేలా ఆరబెడతారు. కాగితంలో, నూలు బట్టలో, చెక్కలో ఉండే సెల్యులోజే బూజుకు తిండి. ఆ తిండి ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. బూజు లేవాలంటే ఇక కావలసింది తడి ఒక్కటే. అందుకే తుడిచే ముందు ఆ తడి ఎక్కణ్నుంచి వస్తుందో చూసుకోవాలి.

దానికి మూడు దారులు. నేల నుంచి పైకి పాకే చెమ్మ, బయటి గోడలోంచి దిగే వాన, గదిలోని ఆవిరి చల్లని గోడకు పట్టడం. జానెడు పాలిథిన్ ముక్కను పొడిగా తుడిచిన గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. లోపల, గోడ వైపు చెమర్చితే తడి గోడలోంచి వస్తున్నట్టు. పైన, గది వైపు చెమర్చితే అది గదిలోని ఆవిరి.

మా ఇంట్లో గోడ వైపే చెమర్చింది. మేస్త్రి వచ్చి చూసి, "అక్కా, అల్మారా కోసం గోడ తగ్గించిన్రు. మిగతా గోడ తొమ్మిదంగుళాలు, దీని వెనక నాలుగున్నరే. పడమటి వాన నేరుగ కొడుతది" అన్నాడు. అంతకుముందు ఒక పెయింటరు లోపల ఆయిల్ పెయింట్ వేస్తే చాలన్నాడు. వేయించలేదు. తడి లోపలే ఉంటే పెయింట్ పొక్కులు లేచి ఊడిపోతుంది. ఎండాకాలంలో గోడ బాగా ఆరాక బయట పగుళ్లు పూడ్చి ప్లాస్టరు చేయించాం, లోపల సున్నం వేయించాం. తర్వాతి వానలకు కొత్త చుక్కలు రాలేదు.

శుభ్రం చేసేటప్పుడు పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పొడి చీపురుతో గీకితే బూజు గదంతా లేస్తుంది. సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బ్లీచింగ్‌ను యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. బట్టలు ఎండలో వేయండి. కలరా ఉండలు పురుగును ఆపుతాయి గాని తేమను పీల్చవు. ఇనుప బీరువా అయితే గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. వాన తెరిపిచ్చినప్పుడు తలుపులు కాసేపు తెరిచి పెట్టండి.

"వానలకు గోడలు నెమ్మెక్కవా బిడ్డా" అని మా అత్తమ్మ తేలిగ్గా తీసేసింది. కానీ చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, ఆయాసం, ఆస్తమా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. కాబట్టి దగ్గు వదలని పిల్లల్ని డాక్టరుకు చూపించండి, ఇంట్లో చెమ్మ ఉందని కూడా చెప్పండి.

కిరాయి ఇంట్లోనో క్వార్టర్లోనో ఉంటే బయటి గోడ మన చేతిలో ఉండదు. ఫోటో తీసి, తేదీ వేసి, రాతపూర్వకంగా అడగండి. నోటిమాట వానతోపాటే పోతుంది.